ఎండను బట్టి తగ్గే లైట్లు: కిటికీ సహకరించకపోతే సెన్సర్ ఏం చేస్తుంది?

సంక్షిప్తంగా: బయటి వెలుగు పెరిగితే గదిలో లైట్లు తగ్గడం, మబ్బు పడితే మళ్లీ పెరగడం ఇప్పుడు సాంకేతికంగా కష్టమైన పనేమీ కాదు. ఎల్ఈడీలు వచ్చాక అది ఇంకా తేలికైంది. అయినా కాగితం మీద చూపించిన ఆదా చాలాసార్లు కరెంటు బిల్లులో పూర్తిగా కనబడదు. సెన్సర్‌ను ఎక్కడ పెట్టారు, దానికి లెక్క ఎలా నేర్పారు, కిటికీ బ్లైండ్లు ఎంతసేపు ఎత్తి ఉంటాయి అన్న మూడు విషయాల మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. మన ఎండల్లో ఈ మూడింటిలో బ్లైండ్లదే పెద్ద వాటా.

జూన్ నెల మధ్యాహ్నం. గచ్చిబౌలిలో ఏదో ఒక ఆఫీసు, కిటికీ పక్క వరుస. బయట ఎండ కాస్తున్నంతసేపూ తల మీది ప్యానెల్ లైట్లు మసకగానే ఉన్నాయి. ఇంతలో మబ్బు కమ్ముకొచ్చింది. ఎవరూ స్విచ్ దగ్గరికి వెళ్లలేదు, అయినా రెండు మూడు నిమిషాల్లో లైట్లు నిండుగా వెలిగాయి. వాన వెలిసి ఎండ రాగానే మళ్లీ తగ్గాయి. మొదటిసారి చూసినవాళ్లు వోల్టేజి తేడా వచ్చిందనుకుంటారు. కొందరు ఫెసిలిటీ టీముకు కంప్లైంటు కూడా పెడతారు. నిజానికి అక్కడ లైట్లు తమ పని తాము సరిగ్గానే చేస్తున్నాయి.

మన ఫోన్ ఎండలోకి వెళ్తే స్క్రీన్ వెలుగు పెంచుకుంటుంది, చీకట్లో తగ్గించుకుంటుంది. గది లైట్లు దీనికి సరిగ్గా తిరగబడి పనిచేస్తాయి. స్క్రీన్ పరిసరాలతో పోటీ పడాలి. గది లైటు మాత్రం పరిసరాల్లో ఎంత లోటుందో అంతే పూడ్చాలి. టేబుల్ మీద 500 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలమానం) కావాలనుకుందాం. కిటికీ నుంచి 350 వస్తోందంటే లైటు ఇవ్వాల్సింది 150 మాత్రమే. సూత్రం ఇంతే. చిక్కంతా ఆ 350ని కొలవడంలో ఉంది.

## బయట లక్ష, బల్ల మీద అయిదొందలు

నడి ఎండలో నేల మీద పడే వెలుగు దాదాపు 1,00,000 లక్స్. మబ్బు పట్టిన పగలు అది 10,000కు, దట్టమైన వాన మబ్బు ఉంటే ఇంకా కిందికి పడిపోతుంది. రాసుకోవడానికి, చదువుకోవడానికి ఆఫీసు బల్ల మీద కావాల్సింది 300 నుంచి 500 లక్స్. అంటే ఎండ కాస్తున్నప్పుడు బయట ఉన్నదాంట్లో వందో వంతు కూడా అక్కర్లేదు. కిటికీ ఉన్న గదిలో పగలు లైట్లు వెలుగుతున్నాయంటే, బయట వెలుగు చాలక కాదు. అది బల్ల దాకా రాలేదు, లేదా వచ్చిన తీరు భరించలేనట్టుగా ఉంది.

కిటికీ వెలుగు ఎంత లోపలికి వస్తుందనడానికి కట్టడాల రంగంలో ఒక మోటు లెక్క ఉంది. నేల నుంచి కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉందో, దానికి ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల దూరం వరకు పనికొచ్చే వెలుగు అందుతుంది. పై అంచు 8 అడుగుల ఎత్తులో ఉంటే 12 నుంచి 20 అడుగులు. ఆ తర్వాతి వరుసలకు పగలైనా రాత్రైనా లైటే దిక్కు. అందుకే ఈ ఏర్పాటు ఫ్లోరంతటికీ పెట్టేది కాదు. కిటికీని ఆనుకున్న మొదటి ఒకటి రెండు వరుసల లైట్లకే దానివల్ల ప్రయోజనం. 60 అడుగుల లోతున్న హాలు మొత్తానికి సెన్సర్లు పెట్టి ‘30 శాతం ఆదా’ అని చెప్పేవాళ్ల మాటను ఇక్కడే అనుమానించాలి.

## సెన్సర్‌కు కనిపించేది ఏమిటి?

వీధి దీపాలకు పెట్టే ఫోటోసెల్ చాలామందికి తెలుసు. చీకటి పడితే వెలిగిస్తుంది, తెల్లారితే ఆర్పేస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ ఫోటోసెల్ కూడా లేదు. ఊరి అక్షాంశం, తేదీ చూసుకుని సూర్యోదయ, సూర్యాస్తమయాలను లెక్కగట్టే టైమర్లు వచ్చాయి. వీధికి అది చాలు. గదికి చాలదు, ఎందుకంటే మబ్బు ఎప్పుడు పడుతుందో పంచాంగంలో ఉండదు.

గదిలో సెన్సర్ పెట్టే పద్ధతులు రెండు. ఒకదాంట్లో సెన్సర్ కిటికీ బయటికో, ఆకాశం వైపో చూస్తుంది. గదిలోని లైటు వెలుగు దాని మీద పడదు. బయట ఇంత ఉంటే లోపల అంత ఉంటుందని ముందే చెప్పిన లెక్క ప్రకారం లైట్లను తగ్గిస్తుంది. ఇది నిలకడైన పద్ధతి, ఒకే సెన్సర్‌తో చాలా లైట్లను నడపొచ్చు. కానీ లోపల ఎవరైనా బ్లైండు దించేస్తే దానికి తెలియదు. బయట ఎండ బ్రహ్మాండంగా ఉంది కదా అని లైట్లు తగ్గించే ఉంచుతుంది. లోపల కూర్చున్నవాళ్లకు చీకటి.

రెండో పద్ధతిలో సెన్సర్ ఫాల్స్ సీలింగ్‌లో ఉండి కిందికి, బల్ల వైపు చూస్తుంది. బల్ల మీద పడి పైకి తిరిగొచ్చే వెలుగునే కొలుస్తుంది. అందులో పగటి వెలుగూ ఉంటుంది, తాను నడిపే లైటు వెలుగూ ఉంటుంది. బ్లైండు దించితే వెంటనే పసిగడుతుంది. ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. దీని తంటాలు వేరు. బల్ల మీద వెలుగును అది నేరుగా కొలవదు, ఊహిస్తుంది. నల్లటి బల్ల మీద ఎవరో తెల్లటి డ్రాయింగ్ షీట్లు పరిచారనుకోండి, వెలుగు ఎక్కువగా తిరిగొస్తుంది. గది వెలుతురు పెరిగిందని సెన్సర్ పొరబడి లైట్లు తగ్గిస్తుంది. షీట్లు పరుచుకున్న మనిషికేమో, సరిగ్గా పని మొదలుపెట్టే వేళకు లైటు మసకబారుతుంది.

ఇంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. లైటు వెలుగు పైనుంచి నేరుగా బల్ల మీద పడుతుంది. కిటికీ వెలుగు పక్కనుంచి వస్తుంది, గోడలకు, నేలకు, సీలింగ్‌కు తగిలి తిరుగుతుంది. బల్ల మీద ఒకే 300 లక్స్ ఉన్నా, అది లైటు నుంచి వచ్చినప్పుడు సెన్సర్‌కు ఒక అంకె, కిటికీ నుంచి వచ్చినప్పుడు మరో పెద్ద అంకె కనిపిస్తాయి. ఈ తేడాను సెన్సర్‌కు నేర్పకపోతే పగలల్లా అవసరానికి మించి లైట్లు తగ్గించేస్తుంది. దీనికి తోడు మామూలు సిలికాన్ సెన్సర్ మన కంటికి కనబడని పరారుణ కిరణాలను కూడా వెలుగుగానే లెక్కేస్తుంది. ఎండలో అవి దండిగా ఉంటాయి, ఎల్ఈడీ వెలుగులో దాదాపు ఉండవు. ముందు సరైన ఫిల్టర్ లేని చౌక సెన్సర్లు ఎండను అసలు కన్నా ఎక్కువ చేసి చూపించేది ఇందుకే.

కాబట్టి లెక్క రెండుసార్లు నేర్పాలి. చీకటి పడ్డాక ఒకసారి: బల్ల మీద లక్స్ మీటర్ పెట్టి, లైట్లను 500 లక్స్ వచ్చేదాకా సర్దుతారు. ఆ క్షణంలో సీలింగ్ సెన్సర్‌కు ఏ అంకె కనిపిస్తోందో దాన్ని గుర్తుంచుకొమ్మని చెబుతారు. మర్నాడు పగలు, మంచి వెలుగున్నప్పుడు మళ్లీ ఇదే పని. నిజానికి ఒక్కో జోన్‌కు ఇది పావుగంట పని. అయితే ఫర్నిచర్ రాకముందే, ఉత్త సిమెంటు నేల మీద, అదీ పట్టపగలు ఒక్కసారి చేసేసి సంతకాలు పెట్టించుకునే సైట్లే ఎక్కువ. తర్వాత కార్పెట్ వేస్తారు, బల్లలు తెస్తారు, పార్టిషన్లు కడతారు. సెన్సర్ మాత్రం ఖాళీ హాలు లెక్కతోనే నడుస్తూ ఉంటుంది. కంప్లైంట్లు మొదలవుతాయి. చివరికి ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఎక్కి సెన్సర్ వైరు పీకేసి లైట్లను నేరుగా కలిపేస్తాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. అతనికి లక్స్ మీటరూ ఇవ్వలేదు, సెట్టింగుల కాగితమూ ఇవ్వలేదు.

## లైటు తనను తానే చూసుకుంటే

ఇంట్లో సొంతంగా ఈ ప్రయోగం చేసినవాళ్లకు ఒక అనుభవం తప్పదు. వంద రూపాయల లోపు దొరికే ఎల్‌డీఆర్ మాడ్యూల్‌కు (వెలుగును పసిగట్టే చిన్న సెన్సర్‌కు) బల్బు కలిపి, రెండింటినీ ఒకే బల్ల మీద పెడతారు. చీకటి పడగానే బల్బు వెలుగుతుంది. ఆ వెలుగు సెన్సర్ మీద పడి ‘తెల్లారింది’ అనిపిస్తుంది. బల్బు ఆరిపోతుంది. మళ్లీ చీకటి, మళ్లీ వెలుగు. టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది.

ఆఫీసు వ్యవస్థల్లో ఇది రాకుండా రెండు జాగ్రత్తలు ఉంటాయి. మొదటిది, వెలిగించే హద్దుకూ తగ్గించే హద్దుకూ మధ్య ఖాళీ వదలడం. 450 కన్నా తగ్గితేనే పెంచు, 600 దాటితేనే తగ్గించు, మధ్యలో ఉంటే కదలకు అన్నట్టు. రెండోది, ఆలస్యం. మబ్బు తునకలు పరుగెత్తే శ్రావణమాసపు పగలు ఎండ నిమిషానికోసారి వచ్చిపోతుంది. ప్రతి తునకకూ లైటు స్పందిస్తే తలనొప్పే. అందుకే తగ్గించేటప్పుడు కొన్ని నిమిషాలు ఆగి చూస్తుంది, పెంచేటప్పుడు అంతకన్నా త్వరగా కదులుతుంది. వెలుగు కాసేపు ఎక్కువైతే ఎవరికీ నష్టం లేదు, తక్కువైతే పని ఆగుతుంది కాబట్టి ఈ తేడా.

## కంటి లెక్క వేరు, మీటరు లెక్క వేరు

వెలుగు నాలుగో వంతుకు పడిపోతే కంటికి సగానికి తగ్గినట్టు అనిపిస్తుంది. పదో వంతుకు పడితే మూడో వంతు మిగిలినట్టు ఉంటుంది. లైటింగ్ ఇంజినీర్లు దీన్ని వర్గమూలం లెక్కగా వాడుకుంటారు. మార్పు నెమ్మదిగా జరిగితే అయిదో వంతు తగ్గినా చాలామంది గమనించరు. ఈ వ్యవస్థ మొత్తం నిలబడింది కంటికున్న ఈ సర్దుబాటు గుణం మీదే.

అయితే ఇక్కడే ఒక పొరపాటు కూడా పొంచి ఉంది. పెద్ద కట్టడాల్లో లైట్లకు ఆజ్ఞలు పంపడానికి డాలీ అనే ప్రమాణం వాడతారు. ఒక లైనుకు 64 లైట్ల దాకా కలపొచ్చు, ఒక్కోదానికి విడిగా చిరునామా ఉంటుంది. అందులో వెలుగుకు 254 మెట్లు. ఒక్కో మెట్టు మార్పు కంటికి సమానంగా అనిపించేలా పేర్చినవి అవి, పై వర్గమూలం లెక్క ప్రకారం కాదు. సగం దగ్గర ఉండే 127వ మెట్టులో నిజంగా వచ్చే వెలుగు దాదాపు 3 శాతమే. ఇది తెలియక ‘సగానికి పెట్టాం’ అనుకునేవాళ్లు గదిని దాదాపు చీకటి చేస్తారు.

## ట్యూబ్‌లైటు రోజుల్లో ఎందుకు కుదరలేదు?

ఆలోచన కొత్తది కాదు. ట్యూబ్‌లైట్ల కాలంలోనే ఎలక్ట్రానిక్ చోక్‌లతో ఇది నడిచింది. కానీ ట్యూబ్‌లోని ఫిలమెంట్ వేడిగా ఉంటేనే వెలుగు నిలుస్తుంది. బాగా తగ్గిస్తే మిణుకుమంటుంది, లేదా ఆరిపోతుంది. వెలుగు పదో వంతుకు తగ్గినా, ఫిలమెంట్‌ను వేడిగా ఉంచడానికి కరెంటు కాలుతూనే ఉండటంతో ఖర్చు అదే వంతున తగ్గేది కాదు. ఆ చోక్‌ల ధర కూడా ఎక్కువే.

ఎల్ఈడీకి ఈ బాధ లేదు. కరెంటు తగ్గిస్తే వెలుగు తగ్గుతుంది, పైగా చల్లగా ఉండి కాస్త మెరుగ్గానే పనిచేస్తుంది. చౌక డ్రైవర్లతో (ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్లతో) మాత్రం జాగ్రత్త. అవి వెలుగును తగ్గించడానికి లైటును సెకనుకు కొన్ని వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి. కంటికి నేరుగా కనిపించకపోయినా కొందరికి కళ్లు లాగడం, తలనొప్పి వస్తాయి. ఫోన్ కెమెరాను లైటు వైపు పెట్టినప్పుడు స్క్రీన్ మీద నల్లటి చారలు కదిలితే ఆ డ్రైవర్ అలాంటిదేనని అనుమానించొచ్చు.

## ఆదా ఎంత?

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. పగటి వెలుగును బట్టి తగ్గించే ఏర్పాటు వల్ల లైటింగ్ కరెంటులో సగటున 28 శాతం ఆదా అవుతోందని తేల్చింది. కంప్యూటర్ మీద వేసిన అంచనాలు నిజం కట్టడాల్లో కొలిచినదాని కన్నా ఎక్కువ చూపిస్తున్నాయని కూడా అదే అధ్యయనం చెప్పింది. మొదటి అంకెను అమ్మకందారులు చెబుతారు, రెండో మాటను కొనేవాళ్లే గుర్తుంచుకోవాలి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. కిటికీ వరుసలో 40 వాట్ల ప్యానెళ్లు అయిదు, రోజుకు 10 గంటలు. ఖర్చు 2 యూనిట్లు. 30 శాతం ఆదా అంటే 0.6 యూనిట్. ఏడాదికి 250 పనిదినాలనుకుంటే 150 యూనిట్లు. లైటుకు వెళ్లే కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. ఆ వేడిని బయటికి తోడటానికి ఏసీ దాదాపు మూడో వంతు కరెంటు వాడుతుంది. దాన్నీ కలిపితే 200 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకుంటే ఏడాదికి రెండు వేలు. అదే చోట పాత జంట ట్యూబ్‌లైట్లు, చోక్‌తో కలిపి 90 వాట్లవి ఉన్న రోజుల్లో ఆదా ఇంతకు రెండింతలకు పైనే ఉండేది. ఎల్ఈడీ ఈ పనిని తేలిక చేసింది, అదే సమయంలో దానివల్ల మిగిలే డబ్బును సగానికి పైగా కోసేసింది. ఒక చిన్న ఆఫీసులో ఉన్న లైట్లు తీసేసి కొత్త వ్యవస్థ పెట్టుకోవడం చాలాసార్లు గిట్టుబాటు కానిది ఇందువల్లే. కొత్తగా కడుతున్నప్పుడు, వైర్లు ఎలాగూ లాగుతున్నప్పుడు పెట్టుకుంటే లెక్క మారుతుంది.

## బ్లైండు దించితే అయిపోయినట్టే

హైదరాబాద్‌లో అద్దాల టవర్లను పడమర రోడ్డు నుంచి సాయంత్రం నాలుగింటికి చూస్తే బ్లైండ్లన్నీ దించి ఉంటాయి. మర్నాడు ఉదయం పదింటికి చూసినా చాలావరకు అలాగే ఉంటాయి. ఎండ కళ్లలో పడ్డప్పుడు దించినవాళ్లకు వెంటనే హాయి. మళ్లీ ఎత్తాలన్న తొందర ఎవరికీ ఉండదు, ఎందుకంటే లోపల లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. సెన్సర్ కూడా నిజాయితీగానే పనిచేస్తుంది: పగటి వెలుగు లేదు కాబట్టి లైట్లు పూర్తిగా వెలిగిస్తుంది. బయట లక్ష లక్స్, లోపల వంద శాతం కరెంటు.

దీనికి మూలం కట్టడం ఏ దిక్కు చూస్తోంది, అద్దానికి పైన నీడ ఉందా అన్నదాంట్లో ఉంది. తూర్పు, పడమరల్లో సూర్యుడు వాలుగా ఉండి నేరుగా లోపలికి వస్తాడు, సన్‌షేడ్‌తో ఆపడం కష్టం. దక్షిణపు కిటికీకి మధ్యాహ్నం సూర్యుడు ఎత్తులో ఉంటాడు కాబట్టి ఓ మోస్తరు సన్‌షేడ్ చాలు. ఉత్తరం మెత్తటి వెలుగు ఇస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. మన అక్షాంశంలో దానికి చిన్న సవరణ కావాలి. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో పొద్దునా సాయంత్రమూ ఉత్తరపు కిటికీలోకీ ఎండ దూరుతుంది.

న్యూయార్క్‌లో 2007లో పూర్తయిన న్యూయార్క్ టైమ్స్ భవనంలో ఈ సంగతిని ముందే గుర్తించారు. అక్కడ లైట్లు తగ్గడం ఒక్కటే కాదు, ఎండను బట్టి బ్లైండ్లు కూడా వాటంతటవే దిగుతాయి, ఎక్కుతాయి. కట్టడానికి ముందే ఒక ఫ్లోరు మూలను నమూనాగా కట్టి, బర్క్‌లీ ప్రయోగశాల వాళ్లతో నెలల తరబడి కొలిపించారు. హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇంకో దారి పట్టింది. మధ్యలో వాకిలి వదిలి చుట్టూ గుండ్రంగా గదులు కట్టడంతో దాదాపు 90 శాతం చోట్లకు పగటి వెలుగు అందుతుంది. పర్యావరణానికి అనుకూలమైన కట్టడాలకిచ్చే లీడ్ రేటింగుల్లో అన్నిటికన్నా పైదైన ప్లాటినంను అమెరికా బయట పొందిన మొదటి కట్టడం అదే. మండువా లోగిళ్లు తెలిసినవాళ్లకు ఆ నమూనా కొత్తగా అనిపించదు. పెంకుటిళ్లలో వంటగది పైన ఒక పెంకు తీసి అద్దం పెంకు పెట్టడం కూడా ఈ కోవలోదే. వాటికి బ్లైండు అక్కర్లేదు, ఎందుకంటే వెలుగు పైనుంచి దిగుతుంది, కళ్లలోకి పొడవదు.

అద్దం రంగు కూడా చూడాలి. వేడిని ఆపడానికి వేసే ముదురు అద్దాలు వెలుగునూ ఆపేస్తాయి. ఇంధన పొదుపు భవన నియమావళి ఈసీబీసీ 2017లో, కిటికీ అద్దం కనీసం 27 శాతం వెలుగును లోపలికి రానివ్వాలని పెట్టింది అందుకే. పనికొచ్చే పగటి వెలుగు అంటే ఎంతో కూడా అందులో ఉంది: 100 లక్స్ నుంచి 2,000 లక్స్ దాకా. అంతకన్నా తక్కువైతే లైటు వేయాలి, ఎక్కువైతే బ్లైండు దించుతారు. దించితే మళ్లీ లైటే. పై హద్దు పెట్టడంలో ఉన్న తెలివి ఇది.

## స్విచ్ బోర్డు దగ్గర తేలే విషయం

కిటికీ వెలుగు అందే మేర లైట్లకు విడిగా కంట్రోల్ ఉండాలని అదే నియమావళి చెబుతుంది. అది చేత్తో వేసే స్విచ్ అయినా సరే, సెన్సర్‌తో నడిచేదైనా సరే. సెన్సర్ లేని చోట కూడా పనికొచ్చే మాట ఇది. ఇక్కడే చాలా కట్టడాలు తప్పిపోతున్నాయి.

ఒక తరగతి గదిని తీసుకుందాం. ఎడమ గోడకు కిటికీలు, ముందు బ్లాక్‌బోర్డు. ఆరు లైట్లు, మూడు స్విచ్‌లు. వైరింగ్ చేసేటప్పుడు అలవాటుగా ముందు రెండు లైట్లకు ఒక స్విచ్, మధ్య రెండింటికి ఒకటి, వెనక రెండింటికి ఒకటి ఇస్తారు. ప్రతి స్విచ్ కిందా కిటికీ పక్క లైటు ఒకటి, లోపలి లైటు ఒకటి ఉంటాయి. లోపలి బెంచీ మీద చీకటిగా ఉంటే, కిటికీ పక్క ఎండలో కూడా లైటు వేయక తప్పదు. అదే వైరును కిటికీకి సమాంతరంగా, కిటికీ వరుస మూడింటికి ఒక స్విచ్, లోపలి వరుస మూడింటికి ఒక స్విచ్ వచ్చేలా లాగితే ఖర్చు దాదాపు అంతే. ఒక స్విచ్ తగ్గుతుంది కూడా. పగలు పదింటికి టీచర్ కిటికీ వరుసను ఆపేయొచ్చు. రేపు సెన్సర్ పెట్టాలనుకున్నా ఆ ఒక్క వరుసకే పెడితే సరిపోతుంది. పాత పద్ధతిలో లాగిన గదిలో పెట్టాలంటే గోడ పగలగొట్టాలి.

ఇళ్లలో స్మార్ట్ బల్బులు కొనేవాళ్లూ ఈ వరుస సంగతే ముందు చూసుకోవాలి. బల్బు తగ్గగలిగేదై ఉంటే సరిపోదు, వెలుగును కొలిచే సెన్సర్ విడిగా ఉండాలి, దాని మీద ఆ బల్బు వెలుగు నేరుగా పడకూడదు. మనిషి కదలికను పట్టే సెన్సర్లను కొన్ని దుకాణాల్లో ‘లైట్ సెన్సర్’ అని అమ్ముతారు. అవి మనిషి వచ్చాడని వెలిగిస్తాయే గానీ, గదిలో వెలుగును బట్టి లైటును తగ్గించడం, పెంచడం చేయవు. కొనేటప్పుడు బాక్సు మీద లక్స్ అంకె ఉంటే సరిపోదు, వెలుగును బట్టి లైటును తగ్గిస్తుందని రాసి ఉందో లేదో చూసుకోవాలి.